పింగాణీ పుచ్చదు, దాని అంచున పన్ను పుచ్చుతుంది: వెనీర్ల తర్వాత పళ్ల సంగతి

పెళ్లి కుదిరిందంటే బట్టలు, నగలతో పాటు ‘స్మైల్ డిజైనింగ్’ కూడా ఖర్చుల చిట్టాలో చేరిపోతోంది. గారపళ్లు, సందుపళ్లు, కొస విరిగిన పళ్లు అన్నిటి మీదా పల్చటి రేకులు అతికిస్తే ముఖమే మారిపోతుంది. ఆ రేకులే వెనీర్లు. వేయించుకున్నాక మాత్రం ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన ఉండదు. ‘పింగాణీకి పుచ్చు రాదు, నిశ్చింతగా ఉండు’ అంటారొకరు. ‘అరగదీశారంటే ఆ పన్ను పని అయిపోయినట్టే’ అంటారు ఇంకొకరు. ఫ్లోరైడ్ పేస్టు ముట్టుకోవద్దని చుట్టాలు చెబితే, అది లేని పేస్టు వాడొద్దని డాక్టరు చెబుతారు. వీటిలో ఒక్కోదాంట్లో కొంత నిజం ఉంది. ఎంత ఉందో తేలాలంటే ముందు వెనీర్ పంటి మీద ఎక్కడ కూర్చుంటుందో చూడాలి.

గోటి మందం రేకు, దాని వెనక బతికున్న పన్ను

పన్ను పైపొర ఎనామెల్. ఒంట్లో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దాని కింద డెంటిన్. ఇది కాస్త మెత్తన, పసుపు ఛాయలో ఉంటుంది. దీని నిండా సన్నటి గొట్టాలు ఉంటాయి, చల్లనీళ్లు తగిలితే పన్ను జివ్వుమనేది వాటి వల్లే. అన్నిటికన్నా లోపల నరం, రక్తనాళాలు ఉంటాయి. ముందుపళ్ల కొస దగ్గర ఎనామెల్ సుమారు 1 మి.మీ. ఉంటే, చిగురు దగ్గరికి వచ్చేసరికి 0.3–0.5 మి.మీ.కు పల్చబడుతుంది. ఈ కొలతను గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

వెనీర్ పంటి ముందువైపు మాత్రమే అతికే రేకు. మందం మామూలుగా 0.3 నుంచి 0.7 మి.మీ. అది పట్టేందుకు ఎనామెల్‌ను కొంత అరగదీస్తారు. తర్వాత 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ 15–30 సెకన్లు ఉంచి కడిగేస్తే, ఎనామెల్ మీద కంటికి ఆనని గుంతలు పడతాయి. రేకు లోపలివైపును హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో అలాగే గరుకు చేస్తారు. ఈ రెండు గరుకుల మధ్యకు రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు పదార్థం) సిమెంటు దిగి, లైటు వేయగానే గట్టిపడుతుంది.

1928లో కాలిఫోర్నియా డెంటిస్టు చార్లెస్ పింకస్ సినిమా నటుల పళ్ల మీద పెట్టిన రేకులు షూటింగ్ అయ్యాక తీసేసేవే. వాటిని శాశ్వతంగా అతికించే దారి అప్పుడు లేదు. యాసిడ్ రాస్తే ఎనామెల్‌కు రెసిన్ పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించాడు. పింగాణీకీ అదే కిటుకు పనిచేస్తుందని 1980ల మొదట్లో తేలింది. ఆ తర్వాతే నిలిచే వెనీర్లు వచ్చాయి. అంటే వెనీర్ ఆయుష్షంతా అతుకులో ఉంది. ఆ అతుకు ఎనామెల్ మీద గట్టిగా ఉంటుంది, డెంటిన్ మీద అంత గట్టిగా ఉండదు.

‘అరగదీస్తే పన్ను పోతుంది’ అనే భయం చాలావరకు క్యాపుల నుంచి వచ్చింది. క్యాపు పంటిని నలువైపులా కప్పుతుంది. పింగాణీ క్యాపు కోసం పైన కనిపించే పన్నులో 63–72 శాతం పోతుందని, వెనీర్‌కైతే రకాన్ని బట్టి 3 నుంచి 30 శాతం పోతుందని తూకం వేసి చూసిన అధ్యయనం ఉంది. టర్కీ వెళ్లి పళ్లు చేయించుకున్నవారి విషయంలో బ్రిటన్‌లో ‘టర్కీ టీత్’ పేరుతో గొడవైన కేసుల్లో చాలామంది వెనీర్లు అనుకుని వేయించుకున్నవి నిజానికి క్యాపులే. కాబట్టి ముందుగా తెలియాల్సింది నోట్లో ఉన్నది క్యాపా, వెనీరా అన్నది.

వెంట్రుక మందం గీత దగ్గర ఏం జరుగుతుంది

మనం తినే పులుపులకు పింగాణీ కరగదు, దాన్ని బ్యాక్టీరియా తినదు. అంతవరకు మొదటివాళ్ల మాట నిజమే. కానీ పంటి వెనకవైపు, పక్కలు, వేరు అన్నీ మునుపటివే. రేకు ఆగిపోయి సొంత పన్ను మొదలయ్యే చోట ఒక గీత ఉంటుంది. దాన్నే అంచు అంటారు.

బాగా కుదిరిన పనిలో కూడా అంచు దగ్గర సిమెంటు గీత 100 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండొచ్చు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మన వేలికి, నాలుకకు ఆ గీత తెలియనే తెలియదు. నోట్లోని బ్యాక్టీరియా సైజు మాత్రం 1 మైక్రాన్ అటూ ఇటూ. దానికది వందమంది పక్కపక్కన నడవగలిగే బాట. పైగా సిమెంటు పింగాణీ కన్నా, ఎనామెల్ కన్నా త్వరగా అరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గీత కాస్తా సన్నటి కాలువ అవుతుంది, అందులో పాచి చేరుతుంది.

మొదట కనిపించేది టీ రంగు గీత. అది కనిపించగానే పుచ్చిందని కంగారు పడక్కర్లేదు. పాలిష్‌తో పోతే అది మరకే. డెంటిస్టు సన్నటి సూది లాంటి పనిముట్టుతో తడిమినప్పుడు మెత్తగా దిగినా, రేకు అడుగు నుంచి బూడిదరంగు నీడ కనిపించినా పుచ్చు కింద లెక్క. ఇది చాలాకాలం నొప్పి పెట్టకుండానే పాకుతుంది. నొప్పి వచ్చేసరికి పని రూట్ కెనాల్ దాకా వెళ్లిపోవచ్చు. ఆరు నెలలకోసారి చూపించుకోమని చెప్పేది అందుకే.

ఎన్ని టీలు అన్నదానికన్నా ఎంతసేపు అన్నదే లెక్క

పాచిలోని బ్యాక్టీరియా చక్కెర తిని యాసిడ్ వదులుతుంది. అక్కడ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ నుంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. డెంటిన్‌కు, వేరుకు అయితే 6.2–6.7 దగ్గరే మొదలవుతుంది. చిగురు కిందికి జరిగి వేరు బయటపడ్డవాళ్లకు అంచు దగ్గర ప్రమాదం ఎక్కువయ్యేది ఇందుకే. లాలాజలం పరిస్థితిని మళ్లీ సర్దడానికి 30 నుంచి 60 నిమిషాలు పడుతుంది.

లెక్క కోసం 40 నిమిషాలు అనుకుందాం. ఒకరు రోజుకు ఐదు చక్కెర టీలు తాగుతారు, ఒక్కోటి ఐదు నిమిషాల్లో ముగిస్తారు. ఐదు నలభైలు 200 నిమిషాలు. ఇంకొకరు ‘టీ తగ్గించేశాను’ అని రెండే తాగుతారు, కానీ ఆఫీసు బల్ల మీద కూల్‌డ్రింక్ సీసా పెట్టుకుని రెండు గంటలపాటు గుక్కగుక్కగా తాగుతారు. టీలకు 80, సీసాకు 120, ఆఖరి గుక్క తర్వాత ఇంకో 40, మొత్తం 240 నిమిషాలు. టీ తగ్గించినా యాసిడ్‌లో గడిచిన సమయం పెరిగింది. మొదటివారు మూడు టీలు చక్కెర లేకుండా తాగితే లెక్క 80కి దిగిపోతుంది. రాత్రి బ్రష్ చేశాక తాగే తీపి పాలు ఇంకో సంగతి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి ఆ 40 నిమిషాలు ఎంతకీ తెగవు.

నిమ్మ సోడా, చింతపండు చప్పరించడం, గ్యాస్ వల్ల గొంతులోకి ఎగదన్నే పులుపు, గర్భిణుల వాంతులు: వీటికి బ్యాక్టీరియాతో పనిలేదు, నేరుగా యాసిడే. ముందువైపు పింగాణీ చెక్కుచెదరదు. కానీ కడుపులోంచి వచ్చే పులుపు ఎక్కువగా తగిలేది పై పళ్ల వెనకవైపు, అక్కడ రేకు లేదు. అద్దంలో చూసుకుంటే పళ్లు మెరుస్తూనే ఉంటాయి, వెనక నుంచి పన్ను పల్చబడుతూ ఉంటుంది. అలాంటప్పుడు వెంటనే బ్రష్ వేయకుండా గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలిస్తే పులుపు విరుగుతుంది. బ్రష్‌కు అరగంట ఆగాలా, గంట ఆగాలా అన్నదాని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆగినా పెద్దగా లాభం లేదనేవారూ ఉన్నారు. పుక్కిలించడం మీద మాత్రం తగువు లేదు.

ఫ్లోరైడ్ వల్ల పాడైన పళ్లకు మళ్లీ ఫ్లోరైడ్ పేస్టా?

తెలుగు నేల మీద ఈ ప్రశ్న రావడం సహజం. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగడం వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట 1937లో గుర్తించి రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం వైపు పల్లెల్లో. నల్గొండ పేరు చెబితే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అదే. మరకలు పడ్డ ముందుపళ్లకు వెనీర్లు వేయించుకునేవాళ్లు ఆ ప్రాంతాల నుంచి చాలామందే వస్తారు.

పంటి మీద ఫ్లోరోసిస్ మరక రావాలంటే ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్లాలి, అదీ దవడలో పన్ను తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. పన్ను బయటికి వచ్చేశాక, పేస్టులో పైపైన తగిలి ఉమ్మేసే ఫ్లోరైడ్ ఆ మరకను కొత్తగా తేలేదు, పెంచలేదు. అది చేసే పని వేరు. కరిగిపోతున్న ఖనిజాన్ని మళ్లీ పట్టి ఉంచుతుంది. అలా తిరిగి గట్టిపడిన ఎనామెల్ పీహెచ్ 4.5 దగ్గరదాకా తట్టుకోగలదు. వెనీర్ అంచుకు కావలసింది సరిగ్గా అదే.

మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలి. చాలా ఆయుర్వేద, హెర్బల్ పేస్టుల మీద ఆ అంకె కనిపించదు, ఎందుకంటే అందులో ఫ్లోరైడ్ ఉండదు. వాడేముందు ట్యూబు వెనక్కి తిప్పి చూడటం మంచిది. చుట్టాల భయం నీటి విషయంలో, పసిపిల్లలు పేస్టు మింగడం విషయంలో నూటికి నూరుపాళ్లు సబబే. పెద్దవాళ్ల బ్రష్ మీదికి దాన్ని తేవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

ఫ్లోరోసిస్ పంటికి అతుకు సమస్య కూడా ఉంది. పైపొర యాసిడ్‌కు లొంగదు, దాని అడుగుపొర గుల్లగా ఉంటుంది. అందుకే మామూలు 15–30 సెకన్లు చాలవని కొందరు డెంటిస్టులు నిమిషం దాకా యాసిడ్ ఉంచుతారు, లేదా పైపొరను కాస్త అరగదీస్తారు. మరక తేలికపాటిదైతే వెనీర్ దాకా పోకుండా మైక్రో అబ్రేషన్ (మరక పొరను సన్నగా గీకడం), బ్లీచింగ్, రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ (గుల్ల భాగంలోకి రెసిన్ ఇంకించడం)తో సరిపెట్టొచ్చు. ఇవి పంటిని చాలా తక్కువగా ముట్టుకుంటాయి. నా దృష్టిలో ఇవి ప్రయత్నించకుండా నేరుగా వెనీర్ల దగ్గరికి వెళ్లడం తొందరపాటే.

బ్రష్, పళ్లపొడి, వేపపుల్ల

పింగాణీ గట్టిది, పక్కనున్న వేరు, సిమెంటు మెత్తనివి. గరుకు పొడితో తోమితే ముందు అరిగేవి ఆ రెండే. ఉప్పు, ఇటుకపొడి, ఎర్ర పళ్లపొడి, బొగ్గు పేస్టు ఏవైనా సరే అంచు దగ్గర కాలువను త్వరగా తవ్వుతాయి. తెల్లబరుస్తామని చెప్పే పేస్టుల్లోనూ గరుకుదనం ఎక్కువ ఉండొచ్చు. పైగా పింగాణీ రంగు ఏ పేస్టుకూ, ఏ బ్లీచింగ్ జెల్‌కూ మారదు. మిగతా పళ్లు తెల్లబరచుకోవాలంటే ఆ పని వెనీర్లకు ముందే చేయించి, అతికించడానికి సుమారు రెండు వారాలు ఆగాలి. బ్లీచింగ్ చేసిన వెంటనే సిమెంటు సరిగా పట్టదు.

మెత్తటి కుచ్చు బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీలు వంచి చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పితే చాలు, రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. పళ్ల సందులోకి బ్రష్ పోదు. వెనీర్ పక్క అంచులు ఉండేది అక్కడే, కాబట్టి ఫ్లాస్ దారం తప్పదు. దారం లాగితే రేకు ఊడిపోతుందన్న భయం తాత్కాలికంగా పెట్టిన రేకుల విషయంలో నిజమే. అప్పుడు దారాన్ని పైకి లాగకుండా పక్కనుంచి జార్చి తీస్తారు. శాశ్వతంగా అతికించాక దారానికి ఊడే వెనీర్, నిజానికి ముందే అతుకు వదిలేసి ఉంటుంది.

వేపపుల్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ దాని కొసను కుచ్చుగా నమిలేది ముందుపళ్లతోనే. వెనీర్ కొస మీద పడకూడని బరువు అదే. నూనె పుక్కిలించడం వల్ల వెనీర్‌కు హాని లేదు. పాచి కొంత తగ్గొచ్చు కూడా. అందులో ఫ్లోరైడ్ లేదు కాబట్టి అది పేస్టు స్థానంలోకి రాదు.

పగిలేది ఏ దెబ్బకు

తలుపు మీద నేరుగా తడితే ఏమీ కాదు, అంచు పట్టి మెలితిప్పితే బందు ఊడుతుంది. వెనీర్ కూడా అంతే. నేరుగా నొక్కితే తట్టుకుంటుంది, కొసను పక్కకు తన్నే బలానికి పెచ్చు లేస్తుంది. పూలు కడుతూ దారం పళ్లతో తెంపడం, పిన్నీసు విప్పడం, సోడా మూత తీయడం, చెరకు పెచ్చు లాగడం, మటన్ బొక్క కొరకడం ఇలాంటివే. సకినాలు, జంతికలు మానక్కర్లేదు. చేత్తో విరిచి దవడపళ్ల మీద వేసుకుంటే సరిపోతుంది. జామకాయనైనా, మామిడికాయనైనా ముక్కలు కోసుకుంటే చాలు.

నిద్రలో పళ్లు పటపట కొరికేవాళ్లకు ఇది పెద్ద చిక్కు. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టు ఉండటం, కణతల దగ్గర బిగువు, పళ్ల కొసలు బల్లపరుపుగా అరిగిపోవడం దీని గుర్తులు. ఇలాంటివారిలో వెనీర్లు ఎక్కువగా పగులుతాయని అధ్యయనాల్లో పదేపదే కనిపించింది. వాళ్లకు గట్టి అక్రిలిక్ నైట్‌గార్డు (రాత్రి పళ్లకు తొడుక్కునే అచ్చు) వేయడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. వెనీర్లున్న ప్రతి ఒక్కరికీ వేయాలా అన్నదగ్గరే అభిప్రాయాలు చీలతాయి. ముందుజాగ్రత్త కింద అందరికీ ఇచ్చేవారున్నారు. గుర్తుల్లేనివారికి ఎందుకని, ఇచ్చినా పెట్టుకోరని అనేవారూ ఉన్నారు. రెండోవారి వాదనే నాకు సబబుగా తోస్తుంది, అయితే ప్రతి చెకప్‌లో అరుగుదల గుర్తులు వెతకాలి. గార్డును వేడినీళ్లలో కడిగితే ఆకారం చెడిపోతుంది, చల్లనీళ్లే వాడాలి.

పసుపు పట్టేది ఏ రకానికి

వెనీర్లు రెండు రకాలు. ల్యాబ్‌లో చేసే పింగాణీవి ఒకటి, కుర్చీలోనే మలిచే కాంపోజిట్ రెసిన్‌వి రెండోది. కాంపోజిట్ చవక, పంటిని తక్కువ అరగదీస్తారు, విరిగినా ఆ పూటే అతుకు వేయొచ్చు. కానీ దాని ఉపరితలం సూక్ష్మంగా గరుకు, టీ, పసుపు, కిళ్లీ రంగు పీల్చుకుంటుంది. ఏడాదికోసారి పాలిష్ చేయించాలి, ఐదు నుంచి ఏడేళ్లకు మార్చాల్సి రావచ్చు. పింగాణీ రంగు పీల్చదు, కానీ దాని అంచున ఉన్న సిమెంటు పీలుస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను వారాల తరబడి వాడేవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు వస్తాయి, టీ అలవాటుంటే మరీను. అది వాడమని చెప్పినన్ని రోజులకే.

రక్తం వస్తోందని బ్రష్ ఆపితే

వెనీర్లు అతికించిన కొద్దిరోజులు చిగురు ఎర్రగా ఉండటం, చల్లదనానికి జివ్వుమనడం మామూలే. రెండు వారాలు దాటినా రక్తం ఆగకపోతే కారణం ఉన్నట్టు. ఎక్కువగా కనిపించేది చిగురు కింద చిక్కుకుపోయిన సిమెంటు పలుకు. తర్వాతది అంచు లావుగా ఉండి చిగురును ఒత్తడం. రక్తం చూసి అక్కడ బ్రష్ ఆపేస్తారు, పాచి పెరుగుతుంది, చిగురు ఇంకా ఉబ్బుతుంది. క్లినిక్‌లో ఆ పలుకు తీయడానికి పట్టేది కొన్ని నిమిషాలు. కొరికినప్పుడు ఒకే పన్ను ముందు తగులుతోందనిపిస్తే అదీ చెప్పాలి. ఆ కాస్త ఎత్తు తగ్గించకపోతే పగులు అక్కడే మొదలవుతుంది.

క్లీనింగ్‌కు వేరే క్లినిక్‌కు వెళ్తే వెనీర్లున్నాయని ముందే చెప్పాలి, మంచి పింగాణీని చూసి గుర్తుపట్టడం ఒక్కోసారి డెంటిస్టుకూ కష్టమే. గార తీసే అల్ట్రాసోనిక్ మొన అంచుకు తగిలితే పెచ్చు లేవొచ్చు, అక్కడ చేతి పనిముట్లు వాడతారు. ఫ్లోరైడ్ జెల్స్‌లో 1.23 శాతం ఏపీఎఫ్ (యాసిడ్ కలిపిన ఫాస్ఫేట్ ఫ్లోరైడ్) అనేది బాగా పులుపు, దాని పీహెచ్ 3–3.5. అది పింగాణీ మెరుగును తినేస్తుంది. దాని బదులు 2 శాతం న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ జెల్ ఉంది.

పదిహేనేళ్లకోసారి మారిస్తే ఎనామెల్ ఎంత మిగులుతుంది

మంచి కేసుల్లో పింగాణీ వెనీర్లు పదేళ్ల తర్వాత పదింటికి తొమ్మిది నిలిచే ఉంటున్నాయి. అయినా ఇరవై ఐదేళ్ల వయసులో వేయించుకున్నవారికి ఇది ఒక్కసారితో పోయే ఖర్చు కాదు.

లెక్క కోసం ఒక పంటి మధ్యలో ఎనామెల్ 0.8 మి.మీ. అనుకుందాం. మొదటిసారి 0.5 పోతే మిగిలింది 0.3. నలభయ్యో ఏట పాత రేకును డ్రిల్‌తో తీస్తున్నప్పుడు సిమెంటు ఎక్కడ ఆగిందో, పన్ను ఎక్కడ మొదలైందో కంటికి సరిగా తెలియదు. ఎంత జాగ్రత్తపడ్డా 0.1–0.2 పోయిందనుకుంటే 0.1–0.2 మిగులుతుంది. యాభై ఐదో ఏట మూడోసారి వేసేసరికి చాలాచోట్ల డెంటిన్ బయటపడుతుంది, అతుకు బలహీనపడుతుంది, ఇక క్యాపు మాట వస్తుంది. చిగురు దగ్గర ఎనామెల్ మొదటే పల్చన కాబట్టి అక్కడ ఇది ఇంకా ముందే జరుగుతుంది.

అందుకే అసలు అరగదీయకుండా వేసే ‘నో ప్రెప్’ వెనీర్లను కొందరు గట్టిగా సమర్థిస్తారు. ఎనామెల్ అంతా ఉంటుంది, అతుకు భేషుగ్గా పడుతుంది. ఒప్పుకోనివారి మాట కూడా తీసిపారేసేది కాదు. పన్ను మీద పన్ను పెట్టినట్టు లావెక్కుతుంది, చిగురు దగ్గర మెట్టు ఏర్పడి పాచి నిలుస్తుంది. సందులున్న పళ్లకు, చిన్న పళ్లకు, లోపలికి వంగిన పళ్లకు ఇవి చక్కగా నప్పుతాయి. ఎత్తుపళ్లకు, నల్లబడ్డ పళ్లకు నప్పవు.

సెలవుల్లో వేయించుకుని విదేశం వెళ్లిపోయేవారికి

అమెరికాలో బీమా వెనీర్లను సాధారణంగా అందం కోసం చేసే పని కిందే చూస్తుంది, డబ్బివ్వదు. అందుకే రెండు మూడు వారాల సెలవులో హైదరాబాద్‌లో వేయించుకుని వెళ్లేవారు ఉన్నారు. ల్యాబ్ పనికే వారం పోతే, రెండు వారాల తర్వాత చిగురు చూపించుకునే విజిట్ ఎగిరిపోతుంది. తర్వాత చూసే డెంటిస్టుకు అది లిథియం డైసిలికేటో, జిర్కోనియానో (రెండూ పింగాణీ తరహా పదార్థాలే), కాంపోజిటో తెలియదు. వాటి మీద పెచ్చు లేస్తే మరమ్మతు చేసే పద్ధతి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. పదార్థం, సిమెంటు, షేడు, తేదీ, వెనీర్లు వేయకముందు, వేశాక తీసిన ఎక్స్‌రేలు కాగితం మీద తీసుకువెళ్లాలి.

ఆ కాగితంలో పంటి నంబర్ల పక్కన పేరు కూడా రాయించుకోవాలి. మన దగ్గర 11 అంటే పైన కుడివైపు ముందుపన్ను, అమెరికాలో దానికే 8 అంటారు. అక్కడ 11 అంటే పైన ఎడమవైపు కోరపన్ను. రేకు ఊడి చేతిలోకి వస్తే క్విక్ గమ్ముతో అతికించుకోవద్దు. దానివల్ల లోపలి గరుకు పూడిపోతుంది, తర్వాత సరిగా అతకడం కష్టం. చిన్న డబ్బాలో దూది మీద పెట్టి, ఈ కాగితంతో పాటు తీసుకెళ్తే చాలాసార్లు అదే రేకును శుభ్రం చేసి మళ్లీ అతికించేస్తారు.